కారు అడుగున తుప్పు: సముద్రం పక్క ఊళ్లో ఇంటి దగ్గరే ఏం చేసుకోవచ్చు?

కళింగపట్నం_లైట్‌హౌస్

మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. 2019లో విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కొన్నాను. ఇల్లు కళింగపట్నంలో, సముద్రానికి అర కిలోమీటరు దూరం కూడా లేదు. ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ వెళ్లి రావడమే.

మొన్న ఆదివారం టైరు పంక్చరైతే స్టెప్నీ మారుద్దామని జాకీ పెట్టాను. రెండు తిప్పులు తిప్పానో లేదో, జాకీ ఆనిన చోట రేకు కరకరమని చప్పుడు చేసి లోపలికి అణిగిపోయింది. గుండె ఆగినంత పనైంది. టార్చి వేసి చూస్తే కిందంతా గోధుమ రంగు పెచ్చులు. గోరు తగిలితే రాలుతున్నాయి. పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతోంది. అయిదేళ్లుగా ఆ మెరుపు చూసి కారు బాగుందనే అనుకున్నాను.

ఒక సర్వీసు సెంటరులో అడిగితే కారు అడుగున వేసే పూత, అదే అండర్‌బాడీ కోటింగ్‌కి ఆరు వేలు అన్నారు. ముందు తుప్పు గీకుతారా అని అడిగాను. "వాటర్ వాష్ కొట్టి పైన స్ప్రే చేసేస్తాం సార్" అన్నారు. మనసొప్పక వచ్చేశాను. ఇంటి దగ్గర నేనే చేసుకోగలనా? ఏం కొనాలి, దేంతో మొదలుపెట్టాలి? సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని అరసవల్లి, శ్రీకూర్మం తీసుకెళ్తానని మాటిచ్చాను. ఈ రేకు మీద వాళ్లని కూర్చోబెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

సాలూరు_లారీ

దీనికి ఇంత ఆలోచన ఎందుకు తమ్ముడూ. మా నాన్న హయాం నుంచి లారీలకి చేసేది ఒకటే. ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు పాత ఆయిల్ పారబోయకుండా డబ్బాలో పట్టి, బ్రష్‌తో ఛాసిస్ అంతా పూసేస్తాం. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. పైసా ఖర్చు లేదు. సాలూరులో ముప్పై ఏళ్ల ఛాసిస్‌లు ఇంకా గట్టిగానే ఉన్నాయి, వచ్చి చూడు.

రాజాం_రైడర్

నేనూ పాత ఆయిలే రాస్తాను. బైకు స్టాండుకి కూడా.

రసాయనం_మాస్టారు

సాలూరు బాబూ, లారీ ఛాసిస్ అంటే మందపాటి ఇనుప దూలం. కారుకి వేరే ఛాసిస్ ఉండదు. పల్చటి రేకుల్ని మడిచి, చుక్కచుక్కగా వెల్డింగ్ చేసి పెట్టెలా కడతారు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. దూలం మీద ఒక పొర పోతే ఏమీ కాదు, రేకు మీద అదే పొర పోతే చిల్లు పడుతుంది. రెండింటికీ ఒకే వైద్యం పనికిరాదు.

ఇక పాత ఆయిల్ సంగతి. ఇంజిన్‌లో కాలిన ఇంధనం తాలూకు ఆమ్లాలు అందులో కలిసి ఉంటాయి. అది రబ్బరు బుష్‌ల మీద పడితే అవి ఉబ్బి మెత్తబడతాయి. కారు కింద అలాంటి రబ్బరు ముక్కలు చాలా ఉంటాయి. పైగా ఆ ఆయిల్ చుక్కలు చుక్కలుగా మీ పెరట్లోనే పడుతుంది, అక్కడి నుంచి నేలలోకి, బావిలోకి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది.

సాలూరు_లారీ

బుష్‌ల మాట నిజమే మాస్టారు, మేం వాటిని ఎలాగూ తరచూ మారుస్తాం కాబట్టి పట్టించుకోలేదు. బావి సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

పలాస_జీడి

ఇంకొకటి కూడా ఉంది. నవంబరు, డిసెంబరుల్లో మన రోడ్ల మీద వరి కుప్పలు పరిచి ఉంటాయి. వాటి మీంచి వెళ్తే గడ్డి కారు కింద చుట్టుకుంటుంది. కింద ఆయిల్ జిడ్డు, పక్కనే కాలుతున్న సైలెన్సర్. మా వీధిలో ఒకాయన కారు కింద పొగ వస్తే ఇద్దరం కలిసి గడ్డి లాగి పడేశాం. ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో.

భోగాపురం_బైపాస్

లైట్‌హౌస్ అన్నా, ఫొటోలు పెట్టు. చూడకుండా ఎవరైనా ఏం చెప్తారు.

కళింగపట్నం_లైట్‌హౌస్

నాలుగు ఫొటోలు పెట్టాను. మొదటిది ఎడమ వైపు జాకీ పాయింటు, రెండోది వెనక చక్రం గూడు, మూడోది మధ్యలో ఫ్లోరు, నాలుగోది పెట్రోల్ ట్యాంకు పట్టీలు.

టింకరింగ్_షెడ్డు

శ్రీకాకుళంలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఫొటోలు చూశాను. మూడోది, నాలుగోది పై తుప్పే, అవి మీరే చేసుకోవచ్చు. రెండోది కొంచెం లోతుకి దిగింది. మొదటి ఫొటో నాకు నచ్చలేదు.

ముందు ఒక పని చేయండి. స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఠంగుమంటుంది. తుప్పు తిన్న రేకు డబ్‌డబ్‌మని మెత్తగా పలుకుతుంది. మెత్తగా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. మొన దిగితే అక్కడ ఏ పెయింటూ, ఏ కోటింగూ పనికిరాదు. రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ పెట్టాల్సిందే. దిగకపోతే గీకి, ప్రైమర్ (రేకుని పట్టుకుని ఉండే మొదటి పూత) వేసుకుంటే చాలు. ఈ తేడా తేలాకే డబ్బాలు కొనండి.

గంటస్తంభం_విజయనగరం

షెడ్డు అన్న మాట అందరూ రాసి పెట్టుకోండి. నా కథ చెప్తాను.

కారు కొన్న మూడో ఏట ఒక చోట నల్ల కోటింగ్ కొట్టించాను. అప్పటికే చక్రం గూళ్లలో చిన్న చిన్న గోధుమ మచ్చలు ఉన్నాయి. దాని మీదే కొట్టేశారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, నల్లగా, దట్టంగా. రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు కారు ర్యాంపు ఎక్కించినప్పుడు చూస్తే ఆ నల్ల పొర ఒకచోట పూరీలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కాను. పగిలి లోపలి నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. పొర లాగితే జానెడు మేర ఊడి వచ్చింది. దాని వెనక అరచేయంత చోట రేకే లేదు.

కోటింగ్ లేకపోయి ఉంటే ఆ మచ్చలు పెరగడం నాకు కనిపించేది. కోటింగ్ వల్ల కనపడకుండా పోయింది. అప్పటి నుంచి నా కారు కింద నల్ల పొర అంటే ఒప్పుకోను.

టింకరింగ్_షెడ్డు

గంటస్తంభం గారూ, మీకు జరిగింది నెలకొకటైనా నా దగ్గరికి వస్తుంది. కానీ తప్పు కోటింగ్‌ది కాదండి. మురికి పుండు మీద కట్టు కడితే ఏమవుతుంది? కడిగి, గీకి, ప్రైమర్ వేసి, దాని మీద కొడితే అదే నల్ల కోటింగ్ ఎనిమిదేళ్లు నిలిచిన కార్లు కూడా నా దగ్గరికి వస్తాయి.

గంటస్తంభం_విజయనగరం

ఆ గీకడం ఎవరు చేస్తున్నారు అన్న? చేస్తామన్నవాళ్లు కూడా చేయరు. పక్కన నిలబడి చూసుకోవాలి, లేకపోతే మనమే చేసుకోవాలి.

టింకరింగ్_షెడ్డు

అది మాత్రం కాదనను.

రసాయనం_మాస్టారు

గీకుడు దాకా వెళ్లే ముందు కడగడం గురించి చెప్పాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్లకి సగం పని అక్కడే ఉంది.

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఉప్పు వచ్చి ఆ పనిని పరుగెత్తిస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి అంత తేమ కూడా అక్కర్లేదు. వానాకాలంలో వంటింట్లో కల్లుప్పు జాడీ అడుగున నీరు ఊరడం అందరూ చూసే ఉంటారు. లైట్‌హౌస్ బాబు కారు కింద జరుగుతున్నది అదే. వాన పడకపోయినా, కారు వారం రోజులు కదపకపోయినా, ఉప్పు గాలి మోసుకొచ్చిన పొడి రేకుల అతుకుల్లో చేరి తడి తడిగా ఉంటుంది. అందుకే సముద్రం పక్కన ఇంట్లోనే ఉంచిన కారు కూడా తుప్పు పడుతుంది.

ఉప్పు ఉన్న రేకు మీద ఎంత మంచి ప్రైమర్ వేసినా లోపల ఆ ఉప్పు నీరు లాగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు మంచి నీళ్లతో, ఒకటికి రెండుసార్లు కడగాలి.

నౌపడా_ఉప్పు

"మంచి నీళ్లు" అన్న మాట దగ్గర ఆగాలి మాస్టారు. నేను నాలుగేళ్లు ప్రతి ఆదివారం కారు కిందకి పైపు పెట్టి కడిగాను. మా వీధిలో అంత శ్రద్ధగా కారు కడిగేవాడు ఇంకొకడు లేడు. అయినా అందరి కంటే ముందు నా కారే తుప్పు పట్టింది. ఎందుకో అర్థం కాలేదు.

మా చుట్టూ ఉప్పు మడులే. మా బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, బట్టలు ఉతికితే నురగ రాదు. వాటితోనే కడుగుతున్నాను. అంటే ప్రతి ఆదివారం నా చేతులతో నేనే కారు కింద ఉప్పు నీళ్లు చల్లాను. తర్వాత టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపించేది) కొని చూస్తే బోరుకి 2,400 వచ్చింది. తాగే నీళ్లకి 500 లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. డాబా మీద పట్టిన వాన నీళ్లకి 30 వచ్చింది. ఇప్పుడు బురద వదిలించడానికి బోరు నీళ్లు వాడినా, చివర రెండు బకెట్లు వాన నీళ్లో, కొళాయి నీళ్లో తప్పకుండా కొడతాను.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్

అమ్మో. మాదీ బోరే.

రాజాం_రైడర్

మా ఇంట్లో ఆర్వో మిషన్ పక్క పైపు నుంచి వచ్చే నీళ్లు బకెట్లో పట్టి కారు కడుగుతున్నాం. అవి ఫిల్టరు నీళ్లే కదా, మంచివేనా?

రసాయనం_మాస్టారు

కాదు బాబూ. మిషన్ మీ తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ పక్క పైపులోనే బయటికి వస్తాయి. మీ కొళాయి నీళ్ల కంటే వాటిలోనే ఉప్పు ఎక్కువ. నేల తుడవడానికి వాడండి, కారు కిందకి వద్దు.

రాజాం_రైడర్

ఇవాళ్టి నుంచే ఆపేస్తాను. మంచిపని అనుకుని రెండేళ్లు చేశాం.

బొబ్బిలి_వీణ

అందరూ కింద నుంచే చూస్తున్నారు. మా కారు ఫ్లోరు పై నుంచి తుప్పు పట్టింది.

ముందు సీట్లో కూర్చుంటే కొన్ని నెలలుగా ముక్కవాసన. పెర్‌ఫ్యూమ్ డబ్బాలు మార్చాను, సీటు కవర్లు ఉతికించాను, పోలేదు. చివరికి రబ్బరు మ్యాటు తీసి, కార్పెట్ ఎత్తితే కింద స్పాంజి నీళ్లతో బరువెక్కి ఉంది. పిండితే బకెట్టులో పావు వంతు నిండింది. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు దుమ్ముతో మూసుకుపోయి, ఆ నీళ్లన్నీ లోపల కాళ్ల దగ్గరే దిగుతున్నాయి. వేసవి మూడు నెలలూ అలాగే నానింది. రేకు చూస్తే ఎర్రగా పొక్కులు. కింద ఎంత కోటింగ్ కొట్టించినా మాకు ఉపయోగం ఉండేది కాదు.

ఏసీ నడుస్తుండగా కారు కాసేపు ఆపి ఉంచితే కింద నీళ్ల చుక్కలు పడాలి. పడకపోతే అవి కారు లోపలే ఉన్నాయని అర్థం. మీరూ ఒకసారి చూడండి.

పలాస_జీడి

వీణ అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చెట్టు కింద కారు పెట్టేవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది కదా, అందులో ఆకులు చేరి కుళ్లి నీటి దారి మూసేస్తాయి. నాది జీడిమామిడి చెట్టు కింద పెడతాను. మొన్న ఆ జాలీ తీస్తే జీడి మొక్క మొలిచి ఉంది. మా అమ్మ దాన్ని జాగ్రత్తగా తీసి పెరట్లో నాటింది.

భోగాపురం_బైపాస్

జీడితోటల ఉద్దానం వాళ్ల కారులో కూడా తోటే.

కళింగపట్నం_లైట్‌హౌస్

వీణ గారూ, మీ పోస్టు చదివి ఇప్పుడే వెళ్లి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూశాను. ఎడమ వైపు తడిగా ఉంది. మూడు వారాలుగా ఇక్కడ వాన లేదు.

ఆమదాలవలస_ట్రాక్

పని మొదలుపెట్టే ముందు జాకీ గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు, నాకు అదే భయంగా ఉంది. మా చిన్నాన్న కొడుకు సైలెన్సర్ చూద్దామని జాకీ మీద కారు లేపి కిందకి దూరాడు. ఇసుక నేల. బయటికి వచ్చి మంచినీళ్లు తాగుతున్నాడు, కారు పక్కకి ఒరిగి కింద పడింది. ఆ గ్లాసు మంచినీళ్లు వాణ్ణి బతికించాయి.

కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాన్ని నమ్మి తల, చెయ్యి కింద పెట్టొద్దు. రెండు యాక్సిల్ స్టాండ్లు (లేపిన కారుని కదలకుండా మోసే ఇనుప స్టాండ్లు) కొనండి, లేదా ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోండి. గట్టి సిమెంటు నేల మీదే చేయండి. నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచండి. తీసిన చక్రాన్ని పక్కన దొర్లించేయకుండా కారు అంచు కిందకి తోసి ఉంచండి. ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పి కిందకి దూరండి.

టెక్కలి_గ్రానైట్

ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి కారు నిలబెట్టేవాళ్లని చూశాను. అవి చెప్పకుండా ఒక్కసారి పగులుతాయి. మా రాయి కూడా వద్దు, అడిగితే నేనే ఇవ్వను. మందపాటి చెక్క దిమ్మలైతే పర్లేదు.

టింకరింగ్_షెడ్డు

ట్రాక్ అన్న రాసింది చదవకుండా ఎవరూ పని మొదలుపెట్టొద్దు. జాకీ పాయింటు దగ్గరే రేకు తిన్న కారు కాబట్టి లైట్‌హౌస్ గారు ఆ చోట జాకీ గానీ స్టాండు గానీ పెట్టకూడదు. ముందు సస్పెన్షన్ కట్టిన గట్టి దూలం కింద, వెనక యాక్సిల్ దూలం కింద పెట్టండి.

ఇక పని. ఎండ ఉన్న రెండు రోజులు చూసుకోండి. మనకి అక్టోబరు, నవంబరు తుఫాన్లు పోయాక, మంచు కూడా తగ్గాక, జనవరి చివర నుంచి మార్చి దాకా బాగుంటుంది. మొదటి రోజు కడగడం, ఆరబెట్టడం, అంతే. చక్రాలు తీసి, చక్రం గూడు లోపల కప్పి ఉండే ప్లాస్టిక్ లైనర్లు కూడా విప్పండి. క్లిప్పులు కొన్ని విరుగుతాయి, ముందే పది కొని పెట్టుకోండి. ఆ లైనర్ వెనక అంచు మీద బురద పేరుకుని ఉంటుంది. అది నెలల తరబడి ఆరదు. కారులో మొదట తినేసే చోటు అదే.

తలుపుల కింద పొడుగ్గా ఉండే డబ్బా భాగానికి అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి, లోపల చేరిన నీరు పోవడానికి. కొబ్బరి చీపురు పుల్లతో ఒక్కొక్కటీ పొడవండి. ఇనుప తీగ వద్దు, అంచుల పెయింటు గీసుకుపోతుంది.

రెండో రోజు మంచు ఆరి, రేకు చేతికి వెచ్చగా తగిలాక మొదలుపెట్టండి, మూడింటి లోపు ముగించండి. చల్లటి రేకు మీద కనపడని చెమ్మ ఉంటుంది. పెచ్చులు వైరు బ్రష్‌తో రాల్చి, 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్దండి. చేతి గ్రైండరుకి వైరు కప్పు (గుండ్రటి వైరు బ్రష్) తగిలిస్తే బేగి అవుతుంది, కానీ పెట్రోల్ ట్యాంకు, పైపుల దగ్గర గ్రైండరు పెట్టొద్దు, నిప్పు రవ్వలు వస్తాయి. అక్కడ చేత్తోనే. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. బ్రష్ తీగలు ఊడి కంట్లో పడిన కుర్రాళ్లని ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను.

తెల్లటి రేకు వచ్చిన చోట నేరుగా ప్రైమర్. గుంటల్లో తుప్పు మిగిలిపోతే అక్కడ మాత్రం రస్ట్ కన్వర్టర్ పల్చగా రాయండి. నల్లగా మారుతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, అప్పుడు ప్రైమర్. ఇంటి కిటికీ గ్రిల్లుకి వేసే రెడ్ ఆక్సైడ్ ఇక్కడ ఎక్కువ కాలం ఆగదు. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి. కలిపాక కొన్ని గంటల్లో గట్టిపడిపోతుంది, కావలసినంతే కలుపుకోండి.

రసాయనం_మాస్టారు

కన్వర్టర్ గురించి చిన్న వివరణ. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో ఉంటుంది. అది తుప్పుతో కలిసి నీటిలో కరగని పొరగా మారుతుంది. వదులుగా ఉన్న పెచ్చుల మీద రాస్తే పైపై పెచ్చు మాత్రమే మారుతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది. అందుకే షెడ్డు గారు ముందు రాల్చమన్నారు. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోండి.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్

ఏవేవి ముట్టుకోకూడదో కూడా చెప్పండి. మా తమ్ముడు స్ప్రే డబ్బా దొరికిందని సైలెన్సర్ మీద కూడా కొట్టాడు. వారం రోజులు కారెక్కితే కాలిన వాసన.

టింకరింగ్_షెడ్డు

సైలెన్సర్, దాని ముందు ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్, బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, చక్రాల దగ్గర సెన్సర్లు, వాటి వైర్లు, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు, సస్పెన్షన్ బుష్‌లు, ఆయిల్ దింపే బోల్టు. వీటన్నిటికీ పాలిథిన్ సంచి చుట్టి టేపు వేయండి. నీటి రంధ్రాల్లో చీపురు పుల్లలు గుచ్చి ఉంచి, కోటింగ్ ఆరాక లాగేయండి.

గంటస్తంభం_విజయనగరం

సరే, ప్రైమర్ దాకా ఒప్పుకున్నాను. దాని మీద ఏంటి? నేను మాత్రం మైనం రకమే అంటాను. పారదర్శకంగా ఉంటుంది, కింద తుప్పు మొదలైతే కనిపిస్తుంది. ఏడాదికోసారి మళ్లీ కొట్టుకోవాలి, అంతే కదా.

భోగాపురం_బైపాస్

మైనానికి ఇసుక అంటుకుంటుంది అన్నా. బీచ్ రోడ్డు వాళ్లకి కష్టం. నేను గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ రకం వాడాను. చక్రం గూళ్లలో ఒక్క వానాకాలానికే కడుక్కుపోయింది. రాళ్లు తగలని చోట మాత్రం అలాగే ఉంది.

టింకరింగ్_షెడ్డు

అదే నేను చెప్పబోయేది. రాళ్లు తగిలే చక్రం గూళ్లకి, అంచులకి రబ్బరు కలిసిన నల్ల కోటింగ్, రెండు పల్చటి పూతలుగా. ఒకేసారి మందంగా కొడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. డబ్బా భాగాల లోపలికి మైనం, సన్నటి పైపుతో రంధ్రాల్లోంచి. అక్కడ బ్రష్ వెళ్లదు, నల్ల కోటింగ్ వెళ్లినా పగిలిపోతుంది. మైనం అతుకుల్లోకి పాకుతుంది. గంటస్తంభం గారు, ఇలా అయితే ఒప్పుకుంటారా?

గంటస్తంభం_విజయనగరం

ప్రైమర్ వేసేటప్పుడు నేను పక్కన ఉంటే ఒప్పుకుంటాను.

సాలూరు_లారీ

2012 మోడల్ కారు ఒకటి మా బావగారిది కూడా ఉంది. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి కదా, అప్పుడు కింద రేకు ఇలా ఉంటే ఇబ్బందే. ఈ ఏడాదే చేయిస్తాను. పాత ఆయిల్ లేకుండానే.

కళింగపట్నం_లైట్‌హౌస్

రెండు వారాలైంది, ఏం జరిగిందో రాస్తున్నాను.

మా మామయ్య గారింట్లో సిమెంటు కళ్లం ఉంది, అక్కడ చేశాను. స్టాండ్లు శ్రీకాకుళంలో తెలిసిన మెకానిక్ దగ్గర తెచ్చుకున్నాను. మొదటి రోజు లైనర్లు విప్పితే ఒక్కో చక్రం వెనక నుంచి రెండేసి తట్టల బురద వచ్చింది. ఇసుక, గడ్డి, గవ్వ ముక్కలు కూడా. షెడ్డు గారు చెప్పినట్టు చీపురు పుల్ల పెట్టాను. కుడి వైపు రంధ్రాలు వెంటనే తెరుచుకున్నాయి. ఎడమ వైపు మొదటి రంధ్రంలో పుల్ల దిగలేదు. ఇంకో పుల్ల పెట్టి తిప్పితే గట్టి బురద బిళ్ల ఊడింది, దాని వెంట గ్లాసుడు గోధుమ రంగు నీళ్లు కారాయి. జాకీ అణిగింది ఆ వైపే. వీణ గారు చెప్పిన ఏసీ పైపు కూడా మూసుకుపోయే ఉంది. ఊది శుభ్రం చేశాను, ఇప్పుడు చుక్కలు బయట పడుతున్నాయి. కార్పెట్, స్పాంజి తీసి మూడు రోజులు ఎండలో వేశాను. మా పాప ఏసీ చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంది.

నౌపడా అన్న మాట మీద మా బోరు నీళ్లు కొలిపించాను, 1,700. చివర కడగడానికి కొళాయి నీళ్లు డ్రమ్ముతో తీసుకెళ్లాను.

ఫ్లోరు, ట్యాంకు పట్టీలు, వెనక చక్రం గూళ్లు నేనే గీకి ప్రైమర్ వేశాను. ఒక రోజంతా పట్టింది. మెడ, భుజాలు రెండు రోజులు నొప్పి. గీకాక తెల్లటి రేకు కనిపిస్తే ఆ నొప్పి గుర్తుకు రాలేదు. బ్రష్, కాగితాలు, కన్వర్టర్, ప్రైమర్, రెండు డబ్బాల నల్ల కోటింగ్, మైనం స్ప్రే అన్నీ కలిపి 3,100 అయ్యాయి.

జాకీ పాయింటు దగ్గర స్క్రూడ్రైవర్ దిగింది. బొటనవేలు పట్టేంత చిల్లు. అక్కడ ఏమీ పూయకుండా వదిలేశాను.

బొబ్బిలి_వీణ

పాపకి నా తరఫున ముద్దు. స్పాంజి పూర్తిగా ఆరే దాకా కార్పెట్ వేయకండి, పైన ఆరినట్టు ఉంటుంది, మధ్యలో తడి ఉంటుంది.

నౌపడా_ఉప్పు

గవ్వ ముక్కలు వచ్చాయంటే బీచ్ ఇసుకలోకి కారు దింపారు. ఇక దింపొద్దు.

కళింగపట్నం_లైట్‌హౌస్

దింపాను అన్నా, కార్తీక పౌర్ణమికి. ఇక దింపను.

టింకరింగ్_షెడ్డు

చిల్లు వదిలేసి మంచిపని చేశారు. వెల్డింగ్‌కి ఎక్కడికి తీసుకెళ్లినా మూడు విషయాలు దగ్గరుండి చూసుకోండి. బ్యాటరీ తీగ విప్పాలి. ఆ వైపు కార్పెట్, స్పాంజి తీసి ఉండాలి, అవి అంటుకుంటాయి. చిల్లు మీద ముక్క అతికించి వదిలేయకుండా, తిన్న రేకు మంచి రేకు తగిలే దాకా కోసి, అప్పుడు కొత్త ముక్క పెట్టాలి. వెల్డింగ్ వేడికి లోపలి వైపు పెయింటు కాలిపోతుంది, అది బయటికి కనపడదు. అందుకే చల్లారాక బయట ప్రైమర్, కోటింగ్ వేసి, లోపలికి మైనం మీరే కొట్టుకోండి. డబ్బాలో మిగిలింది కదా.

కళింగపట్నం_లైట్‌హౌస్

సగం డబ్బా ఉంది. గురువారం సెలవు పెట్టాను, స్పాంజి డిక్కీలో వేసుకుని బయలుదేరతాను. వెల్డింగ్ అయ్యే దాకా పక్కనే ఉంటాను.